పాపం, అపరాధ భావం ఒకటేనా? మనోవిశ్లేషణ చదువుతున్న పాస్టర్ గారి అమ్మాయికి జవాబు

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. చర్చిలో చెప్పే ఆదిపాపం, మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ చెప్పే అచేతనం (మనకే తెలియకుండా మనసులో దాగి ఉండే భాగం) ఒకటేనా అన్నది మొదటిది. అపరాధ భావమంతా చిన్నప్పుడు పెద్దవాళ్లు మన తలలో కూర్చోబెట్టిన అధ్యహం, అంటే తప్పొప్పులు ఎంచే లోపలి కాపలాదారు, పనే అయితే పాపం అనే మాటకు ఇంకా అర్థముందా అన్నది రెండోది. మూడోది చివర్లో రెండు లైన్లలో రాశారు గానీ, మీకు నిద్రపట్టనివ్వనిది అదేనని నాకనిపించింది. మీ పెదనాన్నగారు ఆస్పత్రిలో చనిపోయిన రాత్రి వాళ్లబ్బాయి స్నానం చేసి వద్దామని ఇంటికొచ్చి నిద్రపోయాడు. రెండేళ్లుగా ప్రతి ఉపవాస కూడికలోనూ అదే పాపం ఒప్పుకుంటున్నాడు. మీ నాన్నగారు తలమీద చేయి ఉంచి ప్రార్థన చేస్తారు, రెండు రోజులు బాగుంటాడు, మళ్లీ మొదలు. కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్దామంటే ఇంట్లో "ఏం, విశ్వాసం చాలకనా?" అంటున్నారు.

నేను సెమినరీలో చదివి కొన్నేళ్లు సంఘం చూసుకున్నాను. తర్వాత కౌన్సెలింగ్‌లో శిక్షణ తీసుకుని ఇరవై ఏళ్లకు పైగా అదే పనిలో ఉన్నాను. కాబట్టి రెండు వైపులా మాటలు పడ్డవాణ్ణే. మీ మూడో ప్రశ్న చదవగానే లేచి అలమరలోంచి ఒక పుస్తకం తీశాను. ఎందుకో చెబుతాను. దానికంటే ముందు ఒక చిన్న మాట.

మన దగ్గర చాలామందికి ఫ్రాయిడ్ టెట్, డీఎస్సీ గైడ్ల ద్వారా పరిచయం. అచిత్తు (అదుపులేని కోరికల భాగం), అహం (నేను అనే భాగం), అధ్యహం. అందని ద్రాక్ష పుల్లన ఏ రక్షక తంత్రానికి ఉదాహరణ? నాలుగింటిలో ఒకటి గుర్తించండి. ఆదిపాపం కూడా సండే స్కూల్లో అలా బిట్టులాగే వచ్చింది: ఆదాము తిన్నాడు, మనం అనుభవిస్తున్నాం. రెండు బిట్లను పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చు ఒకేలా కనిపిస్తాయి. అచిత్తు అంటే పాపస్వభావం, అధ్యహం అంటే మనస్సాక్షి, అయిపోయింది. ఇలా జతపరిచే ప్రసంగాలు నేనే చేశాను ఒకప్పుడు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక పుస్తకం సంగతి. 1907 అక్టోబరులో వియన్నాలో, లా చదివిన ఒక యువకుడు ఫ్రాయిడ్ దగ్గరికి వచ్చాడు. 1909లో ఫ్రాయిడ్ అతని కథ అచ్చు వేశాడు. మనోవిశ్లేషణ చదివినవాళ్లందరూ అతన్ని 'ఎలుకల మనిషి' అంటారు. ఎలుకల విషయం ఇక్కడ వదిలేద్దాం. అప్పటికి తొమ్మిదేళ్ల క్రితం అతని తండ్రి చనిపోయాడు. ఆ రాత్రి పదకొండున్నరకు ఒక గంట నడుం వాల్చుదామని ఇతను పడుకున్నాడు. ఒంటిగంటకు లేచేసరికి తండ్రి పోయాడు. ఆఖరి రోజుల్లో నాన్న నీ పేరు పలికాడని నర్సు చెప్పడంతో బాధ ఇంకా లోతుకు దిగింది. సుమారు ఏడాదిన్నర తర్వాత ఇంకో చావు దగ్గర అది పుండులా తిరగబెట్టి, తనను తాను నేరస్థుడిలా చూసుకోవడం మొదలుపెట్టాడు.

చుట్టుపక్కలవాళ్లు ఏమని ఉంటారో మనకు తెలుసు. "నువ్వేం తప్పు చేశావు, అలసిపోయి పడుకున్నావు, అంతేగా." మీ ఇంట్లోనూ ఇదే అంటున్నారు కదా. ఫ్రాయిడ్ ఆ మాట అనలేదు. అతను చెప్పిందాని సారాంశం ఇది: ఈ బాధ ఊరికే వచ్చింది కాదు, దానికి కారణం ఉంది. కాకపోతే అది తగులుకున్న విషయం వేరు, పుట్టిన విషయం వేరు. ఆ రెండో విషయం ఇతనికే తెలియదు, వెతకాలి.

వెతికితే దొరికినవి ఇవి. పన్నెండేళ్ల వయసులో ఒక అమ్మాయి తనను ఇష్టపడాలంటే తనకేదైనా పెద్ద కష్టం రావాలనుకున్నాడు. ఆ వెంటనే ఆ కష్టం నాన్న చావు అయితే అన్న ఆలోచన మెరిసింది. తండ్రి చనిపోవడానికి ఆరు నెలల ముందు, ప్రేమించిన అమ్మాయిని పెళ్లి చేసుకోవడానికి డబ్బులేక కుములుతున్నప్పుడు, నాన్న పోతే ఆస్తి వస్తుంది కదా అని మళ్లీ మెరిసింది. ఇంకా వెనక్కి వెళ్తే, పసితనంలో తండ్రి కొడుతుంటే వీడికి కోపం నషాళానికి అంటింది. తిట్లు రావు. అందుకని తనకు తెలిసిన వస్తువుల పేర్లన్నీ పెట్టి తిట్టాడు: "నువ్వు దీపానివి! నువ్వు తువ్వాలువి! నువ్వు పళ్లేనివి!" తండ్రి నిర్ఘాంతపోయి కొట్టడం ఆపి, వీడు మహానుభావుడైనా అవుతాడు, పెద్ద నేరస్థుడైనా అవుతాడు అన్నాడట. మూడో దారి కూడా ఉందని, ఎక్కువమంది వెళ్లేది ఆ దారినేనని, అది మనోవ్యాధి అని ఫ్రాయిడ్ కింద ఒక ఫుట్‌నోట్ రాశాడు. ఆయన పుస్తకాల్లో నన్ను నవ్వించిన కొద్ది చోట్లలో అదొకటి.

అతను తండ్రిని ద్వేషించాడని తేల్చేసి ఊరుకుంటే కథ పాడవుతుంది. ఎంతో ప్రేమించాడు. ఆ ప్రేమ వల్లే ఆ కోపానికి బయట ఎక్కడా చోటు దొరకలేదు.

మీ అన్నయ్య మనసులోనూ ఇలాంటిదే ఉందని నేను అనను. చూడని మనిషి గురించి అలా చెప్పేవాళ్లను నమ్మకండి. ఒక్కటి మాత్రం నా అనుభవంలో చాలాసార్లు చూశాను: ఎన్నిసార్లు ఒప్పుకున్నా తీరని పాపం సాధారణంగా అసలు పాపం కాదు. ఒప్పుకుంటున్నది ఒకటి, లోపల కోస్తున్నది ఇంకొకటి. తప్పు ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని వందసార్లు చదివినా లాభం లేదు.

ఉత్తరం అసలు తప్పు ఇంటికి ఎందుకు వస్తుంది? దీనికి నాకు తెలిసినంతలో మంచి జవాబు ఇచ్చినవాడు ఫ్రాయిడ్ కాదు, స్కాట్లాండ్‌కు చెందిన మనోవిశ్లేషకుడు ఫెయిర్‌బెర్న్. 1889లో ఎడిన్‌బరోలో పుట్టాడు, ప్రెస్బిటేరియన్ ఇంటి పిల్లాడు, పాదిరి అవుదామని వేదాంతం చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చాక మనసు మారి మెడిసిన్‌లో చేరాడు. ఇళ్లలో హింసకు గురైన పిల్లలను చూసే క్లినిక్‌లో పనిచేస్తూ ఒక వింత గమనించాడు. మీ అమ్మానాన్నలు చెడ్డవాళ్లా అని అడిగితే ఆ పిల్లలు ఒప్పుకోరు. నువ్వు చెడ్డవాడివా అంటే వెంటనే అవునంటారు. 1943లో రాసిన వ్యాసంలో దీన్ని అతను వివరించిన తీరు చూడండి. సైతాను ఏలే లోకంలో బతకడం కంటే దేవుడు ఏలే లోకంలో పాపిగా ఉండటం నయం. తప్పు నాదైతే నేను బాగుపడితే అంతా బాగుపడుతుందన్న ఆశ ఉంటుంది. నన్ను సాకే చేయే చెడ్డదైతే ఇక ఎక్కడికి పోవాలి? అందుకని పిల్లవాడు ఆ చెడునంతా తన మీద వేసుకుంటాడు. పెద్దవాళ్లను మంచివాళ్లుగా ఉంచుకోవడానికి అతను కట్టే పన్ను అది.

ఒక మనోవిశ్లేషకుడు తన రోగుల గురించి చెప్పడానికి దేవుడు, సైతాను, పాపి అన్న మాటలు వాడాల్సి వచ్చిందని గమనించండి. అవి లేకుండా ఆ విషయం చెప్పడం కుదరదు మరి.

ఇక్కడే సంఘంలో మనం చేసే పొరపాటు ఉంది. ఇలా పెరిగిన మనిషి ఉజ్జీవ సభకు వస్తాడు. వేదిక మీద నుంచి "నువ్వు పాపివి" అన్న మాట వినబడుతుంది. మిగతావాళ్లకు ఆ మాట గుచ్చుకుంటుంది, ఇతనికి మాత్రం చుట్టాన్ని చూసినట్టుంటుంది. ఆత్రంగా ఒప్పేసుకుంటాడు. ఏడుస్తాడు. ముందుకొచ్చి మోకరిస్తాడు. చూసేవాళ్లకు గొప్ప మారుమనస్సులా కనిపిస్తుంది. నిజానికి చిన్నప్పటి నుంచి చేస్తున్న పనినే ఇంకోసారి చేశాడు, అంతే. అలాంటివాళ్లకు చేతులుంచి ప్రార్థించినవాళ్లలో నేనూ ఉన్నాను.

అయితే వేదాంతం ఇంత పైపైనే ఉందా అంటే లేదు. మన ప్రసంగాలు పైపైన ఉన్నాయి గానీ మూలాలు అలా లేవు. పౌలు రోమీయులకు రాసిన ఏడో అధ్యాయం తీసుకోండి. "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను." ఇది బలహీనత గురించిన మాట అని సరిపెట్టుకుంటాం. దానికి కొంచెం పైన ఏడో వచనం చూడండి: ఆశింపవద్దు అని ధర్మశాస్త్రం చెప్పకపోతే ఆశ అంటే ఏమిటో నాకు తెలిసేది కాదంటాడు. నిషేధమే కోరికను లేపుతుందని! ఫ్రాన్సులో లకాన్ అనే మనోవిశ్లేషకుడు 1959 డిసెంబరులో తన సెమినార్‌లో ఈ వాక్యాన్నే తీసుకుని, పాపం అన్నచోట తన పారిభాషిక పదం ఒకటి పెట్టి చదివి వినిపించాడు. మనోవిశ్లేషకులకు అది కొత్త పాఠంలా వినిపించి ఉంటుంది, వాక్యం మాత్రం అపొస్తలుడిదే.

పాతకాలపు సంఘ పండితుడు అగస్టీన్ ఇంకా ఘాటు. నాలుగో శతాబ్దం చివర్లో రాసిన తన ఆత్మకథలో ఒక పసివాడి ప్రస్తావన తెస్తాడు. ఇంకా మాటలు రాని ఆ పిల్లవాడు, అదే రొమ్ము తాగుతున్న ఇంకో పిల్లవాడిని చూసి మొహం పాలిపోయి విషపు చూపు చూశాడట. పసివాళ్ల అమాయకత్వం కాళ్లూ చేతుల బలహీనతలో ఉంది గానీ మనసులో లేదు అంటాడు. చంటిపాపను చూసి ఇలా రాయాలంటే ఎంత గుండె కావాలి! దీన్నీ లకాన్ మళ్లీ మళ్లీ ఎత్తి చూపాడు.

కానీ అగస్టీన్ దగ్గరే ఒక చిక్కు కూడా ఉంది, అది మీ మొదటి ప్రశ్నకు కావాలి. రోమా 5:12 అతను లాటిన్‌లో చదివాడు. అందులో "అతనిలో అందరూ పాపం చేశారు" అని అర్థం తీసుకునే వీలుంది. అంటే ఆదాము చేసినప్పుడే మనమూ అతనిలో ఉండి చేశాం. గ్రీకు మూలంలో ఉన్నది "అందరూ పాపం చేసినందువల్ల" అన్న అర్థానికి దగ్గర. మన తెలుగు బైబిల్ తెరిచి చూడండి, "మనుష్యులందరు పాపము చేసినందున" అనే ఉంటుంది. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు మరణాన్ని, చెడిపోయిన స్వభావాన్ని వారసత్వంగా ఒప్పుకుంటాయి, ఆదాము నేరాన్ని మాత్రం పిల్లల మీద మోపవు. ఆదాము పాపం మనకు పుట్టుకతో రాదన్న పెలాగియస్‌తో పడమటి సంఘం తగువు పడి, 418లో కార్తేజ్ సభలో అగస్టీన్ వైపు నిలబడింది. కాబట్టి ఆదిపాపం అనేది ఒకే ఒక్క సిద్ధాంతం కాదు. ఏ ఆదిపాపాన్ని ఏ అచేతనంతో పోలుస్తున్నారో ముందు తేల్చుకోవాలి.

ఫ్రాయిడ్ కూడా తన సొంత ఆదిపాపం ఒకటి రాశాడు. 1913లో, ఆదిమ గుంపులోని కొడుకులు కలిసి తండ్రిని చంపారని, ఆ అపరాధమే మతానికి మొదలని. మానవశాస్త్రవేత్తలు దాన్ని పెద్దగా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. అతను నిజంగా అగస్టీన్‌కు దగ్గరయ్యేది ఆ కథలో కాదు. 1917లో, అహం తన ఇంట్లోనే యజమాని కాదు అన్నాడు చూడండి, అక్కడ. మనిషి తనను తాను పూర్తిగా చూసుకోలేడు, చూసుకున్నానని అనుకున్నప్పుడే ఎక్కువ మోసపోతాడు. ఇంతవరకు ఇద్దరూ ఒకే మాట. ఆదాము "నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అన్నప్పుడు నేరాన్ని ఒకేసారి ఇద్దరి మీదికి, భార్య మీదికీ దేవుడి మీదికీ, తోసేశాడు. మీ సైకాలజీ టీచర్ దాన్ని ప్రక్షేపణం అంటారు. అందులో తప్పేం లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. అపరాధ భావం అధ్యహం పనే అయితే పాపం లేనట్టేనా?

అపరాధం, అపరాధ భావం రెండు వేరు విషయాలు. ఎలుకల మనిషికి భావం కొండంత, చేసిన నేరం ఆవగింజంత. దానికి సరిగ్గా తలకిందులు మనిషి బైబిల్లోనే ఉన్నాడు. దావీదు. ఊరియా భార్యను తెచ్చుకున్నాడు, ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో పెట్టించి చంపించాడు, హాయిగా కాపురం చేసుకుంటున్నాడు. పిల్లవాడు కూడా పుట్టాడు. అపరాధ భావం ఆనవాలు లేదు. అధ్యహం నిద్రపోతోంది. నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను డబ్బున్నవాడు లాక్కుని చుట్టానికి వండిపెట్టాడని కథ చెబితే రాజుకు మహా కోపం వచ్చింది, వేరేవాడి మీద. అప్పుడు గానీ "ఆ మనుష్యుడవు నీవే" అన్న మాట పడలేదు.

పాపం అంటే భావమే అనుకుంటే దావీదు నిర్దోషి, ఎలుకల మనిషి హంతకుడు. ఎంత బాధ పడుతున్నామన్నదాన్ని బట్టి ఎంత తప్పు చేశామో కొలవలేం. ఈ ఒక్క విషయంలో ఫ్రాయిడ్ వేదాంతానికి మేలు చేశాడంటాను. 1930లో రాసిన పుస్తకంలో అతనే చెబుతాడు: మనిషి ఎంత మంచివాడైతే అతని అధ్యహం అంత కఠినంగా ఉంటుంది, నేనే మహాపాపినని చెప్పుకునేది మహాత్ములే అని. కాబట్టి మనసు లోపల మోగే ప్రతి గొంతునూ దేవుడి గొంతు అనుకోవడం పొరపాటు. చాలాసార్లు అది ఎప్పుడో పోయిన తాతయ్య గొంతు.

కానీ ఫ్రాయిడ్ దగ్గర ఒకటి లేదు, దాన్ని దాచకూడదు. మనోవిశ్లేషకుడు క్షమించడు. అది అతని పని కాదు, చేయబోతే వైద్యం చెడుతుంది. బాధ ఎక్కడి నుంచి వచ్చిందో చూపిస్తాడు, అంతవరకే. నిజంగా ఒకరికి అన్యాయం చేసినవాడు, ఆ మనిషి ఇక బతికి లేడు, ఇతను ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు మనోవిశ్లేషకుడి సోఫా దగ్గర జవాబు లేదు. సంఘం దగ్గర ఉంది, ఉండాలి.

ఈ విషయం మీదే ఇద్దరు స్నేహితులు ముప్పై ఏళ్లు ఉత్తరాలు రాసుకున్నారు. జ్యూరిక్‌లో ఆస్కార్ ఫిస్టర్ అనే పాస్టర్ 1909లో ఫ్రాయిడ్‌కు పరిచయమయ్యాడు. మనోవిశ్లేషణ మతానికి అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు, బాధపడేవాడి కోసం పాదిరి వాడినా మరొకరు వాడినా పనికొచ్చే సాధనమని ఫ్రాయిడ్ అదే ఏడాది అతనికి రాశాడు. 1927లో మతం ఒక భ్రమ అని పుస్తకం వేసినప్పుడు, దాని పేరునే తిరగేసి ఫిస్టర్ మరుసటి ఏడాది గట్టి జవాబు రాశాడు. అది అచ్చయింది ఎక్కడనుకున్నారు? ఫ్రాయిడ్ సొంత పత్రికలో. స్నేహం 1939లో ఫ్రాయిడ్ చనిపోయేదాకా చెడలేదు. దేవుణ్ణి నమ్మని ఆ ఇంట్లోకి పాస్టర్ దుస్తుల్లో వచ్చే ఫిస్టర్ వేరే గ్రహం నుంచి వచ్చిన అతిథిలా ఉండేవాడని ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ తర్వాత గుర్తు చేసుకుంది. పిల్లలకు అతనంటే చాలా ఇష్టమట. ఇద్దరిలో ఎవరూ మారలేదు.

ఇక మీ అన్నయ్య. పుస్తకాలు పక్కన పెడదాం.

చేసిన ఒప్పుకోలునే మళ్లీ మళ్లీ చేయడం, రెండు రోజులు తేలికపడటం, మళ్లీ 'సరిగ్గా ఒప్పుకున్నానా' అన్న అనుమానం. ఇది సంఘానికి కొత్త జబ్బు కాదు. పాతకాలపు కాథలిక్ గురువులు దీనికి పెట్టిన లాటిన్ పేరుకు మొదటి అర్థం చిన్న పదునైన రాయి. మన చెప్పులో రాయే. తర్వాత జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలాకు 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఇదే వచ్చింది. అంతకుముందే తన పాపాలన్నీ కాగితం మీద రాసుకుని మూడు రోజులపాటు ఒప్పుకున్నాడు, అయినా తృప్తి లేదు. చాలా స్పష్టంగా గుర్తున్నవి తప్ప పాతవి ఒప్పుకోవద్దని గురువు చెప్పాడు. ఇతనికి అన్నీ స్పష్టంగానే గుర్తున్నాయి! చచ్చిపోదామన్న ఆలోచన దాకా వెళ్లింది. వారం రోజులు ఏమీ తినకుండా ఉపవాసం పట్టాడు. గురువు తినమని ఆజ్ఞ వేశాడు.

ఆ గురువు చేసింది మీ ఇంట్లోనూ చేయొచ్చు. మొదట, ఈ విషయం మీద మీ అన్నయ్య చేత ఉపవాసాలు చేయించకండి. మళ్లీ ఒప్పుకోవడానికి వస్తే మీ నాన్నగారు మళ్లీ ప్రార్థన చేయకుండా, "ఇది ఒకసారి అయిపోయింది, మళ్లీ వినను, కూర్చో, టీ తాగుదాం" అనగలగాలి. కష్టమే, కానీ ప్రతిసారీ ఇచ్చే ఓదార్పు ఆ రాయిని ఇంకా లోపలికి తోస్తుంది. రెండోది, సైకియాట్రిస్ట్‌కు చూపించండి. ఇది ఓసీడీ (వద్దన్నా తిరిగి తిరిగి వచ్చే ఆలోచనలు, పనుల జబ్బు) రకమా, డిప్రెషనా, తీరని దుఃఖమా అన్నది వాళ్లే తేల్చాలి. ఓసీడీ అయితే ఫ్రాయిడ్ పద్ధతి ఇప్పుడు మొదటి వైద్యం కాదు. ఎలుకల మనిషే ఇవాళ వచ్చినా మందులు, అనుమానం వచ్చినా ఒప్పుకోలుకు పరుగెత్తకుండా ఉండటం నేర్పే ప్రవర్తనా చికిత్స ఇస్తారు. నాన్న గురించిన మాటలు ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. చనిపోవాలన్న మాట ఎప్పుడైనా నోట వస్తే ఆగకండి. టెలీ మానస్ 14416 ప్రభుత్వ నంబరు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. వెంటనే ఎవరైనా తోడుండాలి.

విశ్వాసం చాలకనా అన్నదానికి మీరు వాదన పెట్టుకోకండి. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఫ్రాయిడ్ పేరు అసలు ఎత్తకండి, మన్రేసా కథ చెప్పండి. నాతాను కూడా రాజు దగ్గరికి గొర్రెపిల్ల కథ పట్టుకునే వెళ్లాడు. డాక్టర్‌కు చూపించాక ఏమన్నారో రాయండి.